చెడిపోతే ఎవరిని అడగాలి: మూడు ఊళ్ళ కంప్యూటర్ ల్యాబుల్లో నా ఉద్యోగం

కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఉద్యోగం వచ్చిందని ఎవరైనా చెప్తే, నేను మొదట అడిగేది ఆ గదికి తాళంచెవులు ఎన్ని ఉన్నాయని. ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంటుంది అని గర్వంగా చెప్పారంటే, వాళ్ళకు ఉద్యోగం ఇంకా అర్థం కాలేదని నా లెక్క. తక్కువచేసి చెప్పడం లేదు. నాకూ ఇరవై ఏళ్ళకు పైగా అర్థం కాలేదు.

నా పేరు కరుణ. పుట్టింది జమ్మలమడుగు. మా నాయన మిషన్ బడిలో లెక్కల టీచరు. పెండ్లయ్యాక ప్రొద్దుటూరులో కాపురం. ఒకే యాజమాన్యానికి జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరుల్లో మూడు డిగ్రీ కాలేజీలు ఉండేవి. వాటిలో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరుగా చేరి, మూడు ల్యాబులకూ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. ఏ సంవత్సరం ఏ గ్రేడు వచ్చిందో ఇక్కడ రాయను. అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, ఎవరికీ పనికిరావు.

ఈ ఉద్యోగం అంటే కంప్యూటర్లని బయటివాళ్ళు అనుకుంటారు. కాదు. దుమ్ము, ఎలుకలు, కరెంటు. ఎండాకాలంలో పులివెందుల ల్యాబులో ఫ్యాను కింద నిలబడితే వేడిగాలి ఒంటిమీద పోసినట్టుండేది. ఎలుకలు తీగ కొరికితే ఏ తీగ కొరికాయో మోకాళ్ళ మీద పాకుతూ వెతకాలి. వీటన్నిటికన్నా పెద్ద పని మనుషుల భయం పోగొట్టడం. మౌసు పట్టుకుంటే పాడైపోతుందేమోనని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పిల్లలు, తెలియదని ఒప్పుకోలేని లెక్చరర్లు.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు నన్ను ఇంకో మాట అడుగుతున్నారు. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు జీతం లేని మనుషుల మీద నడుస్తున్నాయి కదా మేడం, ఎంతకాలం నడుస్తాయి, వాటిని నమ్మి ల్యాబు పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. ధైర్యంగా పెట్టుకోవచ్చు. ఏ షరతు మీద అనేది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఉత్తపుణ్యానికి వచ్చినది

జమ్మలమడుగు కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకు ముందురోజు ఎవరిదో పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ వచ్చి ల్యాబంతా పాకింది. మరునాడు పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని వరండాలో నిలబడ్డారు, లోపల ఒక్క యంత్రమూ తెరుచుకోలేదు. పరీక్ష వారం వాయిదా పడింది. ఆ వారంలో నేను కంపెనీ అమ్మే పాత వ్యవస్థను తీసేసి, పుస్తకాల్లో చదివిన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక యంత్రంలో వేసి చూశాను. లినక్స్ అనే పేరు వినే ఉంటారు, ఆ కుటుంబానికి చెందినదే. ఎక్కడెక్కడి వాళ్ళో రాసి, లోపల ఏముందో అందరికీ తెరిచిపెట్టి, వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని వదిలిన పని. మా ముసలి కంప్యూటర్ల మీద కూడా అది హాయిగా నడిచింది. వారం తిరిగేసరికి ల్యాబంతా వేసేశాను. పరీక్షలు జరిగాయి.

మన రాష్ట్రంలో వాలంటీర్ అంటే అందరికీ ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చినవాళ్ళు గుర్తొస్తారు. నేను చెప్పేది ఇలాంటి వ్యవస్థలను ఊరికే రాసిపెట్టే వాలంటీర్ల గురించి. వీళ్ళు ఎవరి ఇంటికీ రారు, ముఖాలు కనపడవు. ఒక నిజం కూడా చెప్పాలి. ఆ వ్యవస్థ గుండెకాయ లాంటి భాగాలు రాసేవాళ్ళలో చాలామందికి పెద్ద కంపెనీలు జీతాలిస్తాయి. తెలుగు అక్షరం తెరమీద సరిగ్గా కూడిందా లేదా అని చూసేవాళ్ళకు మాత్రం ఎవరూ ఇవ్వరు. గుండె ఎవరో చూసుకుంటారు. చిటికెనవేలు మనమే చూసుకోవాలి.

పులివెందులలో వేయడానికి ప్రిన్సిపాల్ ఓబుళరెడ్డి సారు ఒప్పుకోవాలి. ఆయన వీరపునాయునిపల్లె వైపు రైతు కుటుంబం మనిషి, ఎకనామిక్స్ చెప్పేవారు. మాట కొడవలి.

"ఎవురు చేసినారు దీన్ని?" అన్నారు.

"చాలామంది సార్. దేశదేశాల వాళ్ళు."

"వాళ్ళకు జీతం?"

"కొందరికి ఉంది. తెలుగు భాగం చేసినవాళ్ళకు లేదు సార్."

"జీతం ల్యాకుండా ఎందుకు చేస్తాండారు?"

నేను జ్ఞానం గురించి, పంచుకోవడం గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన ఓపికగా విన్నారు.

"అట్ల గాదుమ్మా. మా ఊర్లో కాలవ పూడిక తీస్తామంటే ఊరంతా వస్తామంటారు. తీసేనాటికి నలుగురు వస్తారు. ఆ నలుగురిలో ఇద్దరికి నడుంనొప్పి. పదిమంది పని ఎవురి పనీ గాదు. సరే, వెయ్యి. చెడిపోతే ఎవురిని అడగాల? అది మాత్రం చెప్పు నాకు."

"నన్ను అడగండి సార్," అన్నాను.

ఆ జవాబుకు ఆరోజు బస్సులో ఇంటికొచ్చేదాకా మురిసిపోయాను. నా ఉద్యోగంలో నేను చెప్పిన మాటలన్నిటిలో అంత తప్పుమాట ఇంకొకటి లేదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చీలిన పేరు

ఓబుళరెడ్డి సారుకు తెలుగు మీద పట్టింపు. కాలేజీ ఇచ్చే కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టులో పిల్లల పేర్లు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ ఉండాలనేవారు. ఏటా నేనే అచ్చువేసేదాన్ని.

ఒక ఏడాది సర్టిఫికెట్లు వేయాల్సిన వారంలోనే కొత్త అప్‌డేట్ వచ్చింది. వేసేశాను. ఈ పనిలో చేరేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి: ముఖ్యమైన పని ఉన్న వారంలో అప్‌డేట్ వేయకండి. నాకు ఆ సంగతి తెలుసు, తెలిసీ వేశాను. కొత్తది వస్తే ఆగలేని బుద్ధి నాది. వేశాక తెలుగు వస్తోందా అని నా పేరు టైపు చేసి చూశాను. కరుణ. అందులో ఒక్క వత్తు కూడా లేదు. బాగుంది అనుకుని మొత్తం అచ్చువేసి, సంతకాలకు పంపి, పంచేశాను.

పదిరోజుల తర్వాత చక్రాయపేట దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. పేరు సుబ్బన్న. చీనీతోట, అదే బత్తాయితోట, ఉందట. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో సర్టిఫికెట్టు. దాన్ని నా బల్లమీద పరిచాడు.

"అమ్మా, మా పాపకు నేనేం రెండు పేర్లు పెట్టల్యా. ఇదేందమ్మా, ఈ కాయితంలో రెండు తునకలైంది?"

కూతురి పేరు విజయలక్ష్మి. కాగితం మీద విజయలక్‌ష్మి అని పడింది. 'లక్' అని ఒక ముక్క, దాని నెత్తిన పొల్లు. పక్కన 'ష్మి' అని ఇంకో ముక్క.

"ఇంటర్వూలో కాయితాలు చూసే ఆయన పక్కన పెట్టినాడమ్మా. పదో తరగతి దాంట్లో ఒక తీరుగుండాది, దీంట్లో ఒక తీరుగుండాది, యాడో మార్చినట్టుంది అన్యాడు. శనివారం లోపల సరైంది తెమ్మన్యాడు. మా పాప ఇంటికొచ్చి అన్నం తినల్యా. దొంగకాయితం తెచ్చినట్టు అందరి ముందర అన్యాడంట."

పంచిన జాబితా తీసి చూశాను. ఆ ఏడాది లక్ష్మి అనే మాట ఉన్న పేర్లు పద్నాలుగు. పద్నాలుగూ చీలిపోయాయి.

ఓబుళరెడ్డి సారు సర్టిఫికెట్టును వెలుతురుకు పట్టి చూశారు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

"ముందు ఆ పిల్లోల్ల కాయితాలు సరిచెయ్యి. పరీక్షలయ్యేలోపల దీనికి మందు దొరక్కపోతే మూడు కాలేజీల్లోనూ పాత పద్ధతికే పోదాం. నేనే యాజమాన్యానికి రాస్తా."

పాత పద్ధతికి పోతే ఇప్పుడు దాని కొత్త వెర్షనే వేయాలి, జమ్మలమడుగు ముసలి యంత్రాలు దాన్ని మోయలేవు. కొత్తవి కొనరు. అంటే నేను పనిలో చేరిన ల్యాబు మూతపడుతుంది.

హోసూరు నుంచి జవాబు

తెరమీద అక్షరాలకు రూపమిచ్చే ఫాంటు కూడా ఆ అప్‌డేట్‌తోనే మారింది. ఆ తెలుగు ఫాంటును చూసుకునే వ్యక్తి ఈమెయిల్ అడ్రసు ఫాంటు వివరాల్లోనే ఉంది. మునిరత్నం అని పేరు. ఆ మధ్యాహ్నం నా కోపమంతా ఆయనకు రాశాను. పిల్లల భవిష్యత్తుతో ఆడుకుంటున్నారు, చేతకాకపోతే వదిలేయండి, తెలుగువాళ్ళయి ఉండి లక్ష్మి అని రాయలేకపోతే ఎలా అని రాశాను. ఆ ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. చదవడానికి సిగ్గేస్తుంది కాబట్టే తీసేయలేదు.

రెండురోజులకు జవాబు వచ్చింది. నాలుగు ముక్కలు. "అమ్మా, తప్పు నాదే. నేను హోసూరులో ఫిజిక్స్ టీచరును. పదకొండేళ్ళుగా ఈ ఫాంటు నేనొక్కడినే చూస్తున్నాను. నా భార్యకు వారానికి మూడురోజులు డయాలసిస్, ఈసారి విడుదలకు ముందు సరిగా పరీక్షించలేకపోయాను. పాత వెర్షన్ జతచేశాను, వేసుకుంటే మీ పని ఆగదు." కింద ఫోన్ నెంబరు.

నేను అంత రాసినా ఆయన నన్ను ఒక్కమాట అనలేదు.

ఫోన్ చేశాను. "నేను ప్రొద్దుటూరు నుంచి, మొన్న మిమ్మల్ని తిట్టిన కరుణను," అన్నాను.

ఆయన నవ్వారు. "తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా, మీరు కొత్త కాదు. ఏం చెడిందో సరిగ్గా చెప్పినవాళ్ళే తక్కువ. లక్ష్మి ఒక్కటే చీలుతోందా, ఇంకా ఏమైనా చీలుతున్నాయా?"

"నేను చూడలేదండీ."

"చూసి చెప్పగలరా? నా కళ్ళు ఇప్పుడు ఆ పనికి చాలడం లేదు."

పాత ఫాంటు వేశాను. తెరమీద లక్ష్మి కలిసింది. నా పని అయిపోయినట్టే. చాలామంది అక్కడే ఆగుతారు, నేనూ ఆగేదాన్నే. కానీ ఆ ఫాంటు వాడే మిగతా ఊళ్ళలో లక్ష్ములందరూ చీలి పడుతూనే ఉంటారు కదా అనిపించింది. నా అవసరం తీరిన తర్వాత కూడా ఆ పని వదల్లేకపోయాను చూడండి, వాలంటీర్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మస్తాన్ జాబితా

దీనికి ఒక రోజు ముందే, మునిరత్నం గారి జవాబు ఇంకా రాకముందు, సుబ్బన్న కూతురి సర్టిఫికెట్టు కోసం నేను ప్రొద్దుటూరులో పెండ్లిపత్రికలు వేసే మస్తాన్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన దుకాణంలో వేరే సాఫ్ట్‌వేరు ఉంది. పద్నాలుగు సర్టిఫికెట్లూ గంటలో వేసిచ్చాడు. సారు సంతకం పెట్టించుకుని, విజయలక్ష్మిది నేనే బస్సులో చక్రాయపేట తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ పిల్ల గడపలోనే నిలబడి పేరును రెండుసార్లు చదువుకుంది. శనివారం కాగితాలు తీసుకున్నారని సుబ్బన్న ఫోన్ చేసి చెప్పాడు. మిగతా పదమూడుమందికీ కబురుపెట్టి పాతవి వెనక్కి తీసుకున్నాం.

మస్తాన్ చదివింది తొమ్మిదో తరగతి. ఇరవై రెండేళ్ళుగా తెలుగు అక్షరాలు కూర్చడమే పని. ఆ రోజు సర్టిఫికెట్లు చేతికిస్తూ అడిగాడు.

"మేడం, మీ దాంట్లో యాడ చెడిందో చూసినారా?"

"లక్ష్మి దగ్గర."

"లక్ష్మి దగ్గర చెడిందంటే లక్ష్మితో నిలబడదు మేడం. అది వత్తు రోగం. పెండ్లిపత్రికలో పేరు తప్పు పడితే పెండ్లి పందిట్లోనే కొట్లాట. శానా చూసినా."

అందుకే హోసూరు ఫోన్ పెట్టేశాక నాకు మస్తానే గుర్తొచ్చాడు. కొత్త ఫాంటు ఉన్న ఒక యంత్రాన్ని తీసుకెళ్ళి ఆయన దుకాణంలో పెట్టాను. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చాక, ఆయనకు బేరాలు తక్కువుండే మధ్యాహ్నం పూట కూర్చునేవాళ్ళం. ఆయన పెండ్లిపత్రికల పాత కట్టలు విప్పి కష్టమైన మాటలన్నీ ఒకటొకటే కొట్టేవాడు. జ్యోత్స్న, సౌరాష్ట్ర, ఉజ్జ్వల, సూక్ష్మ. నేను ఏది పడింది, ఏది చీలింది అని రాసేదాన్ని.

మూడో ఆదివారం ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"దొరికింది మేడం. పక్షి పడతాంది. రక్షణ పడతాంది. జ్యోత్స్న కూడా పడతాంది. క్ష కింద ఇంకో వత్తు వస్తేనే చీలుతాంది. లక్ష్మి, సూక్ష్మం, తీక్ష్ణం. ఇట్లాంటివే."

నేను పట్టికలు వేసుకుని చూస్తే కనపడనిది ఆయన కంటికి కనపడింది. దాన్ని బొమ్మలతో సహా ఇంగ్లీషులో పెట్టి పంపాను. మస్తాన్‌కు ఇంగ్లీషు రాదు, కాబట్టి అప్పటిదాకా ఆయనలాంటి మనుషులు ఎంత తెలిసినా ఎవరికీ చెప్పుకునే దారి లేదు. ఈ రంగంలో నేను చూసిన పెద్ద లోటు అదే. చేయడానికి మనుషులు ఉన్నారు. వాళ్ళు లోపలికి రావడానికి తలుపు వాళ్ళ భాషలో లేదు.

తర్వాతి ఆదివారం మేం దుకాణంలో ఉండగా మునిరత్నం గారు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్ చేశారు. "క్ష ను కలిపే నియమం కంటే కింది వత్తు నియమం ముందుకొచ్చినట్టుంది. ఆ రెండు వరసల చోటు మార్చాలి. మీరే మార్చండమ్మా, నేను చెప్తాను."

"నేనా? నేను వేయడమే గానీ ఎప్పుడూ లోపల చెయ్యిపెట్టలేదండీ."

"నేనూ టీచర్నే. పెట్టనివాళ్ళతో పెట్టించడమే కదా మన ఉద్యోగం."

ఆయన చెప్తుంటే మస్తాన్ ఫోన్ నా చెవి దగ్గర పట్టుకున్నాడు. నేను వరసలు మార్చాను. మస్తాన్ లక్ష్మి అని కొట్టాడు. కలిసింది. సూక్ష్మం కలిసింది. తీక్ష్ణం కలిసింది. "పడింది సార్!" అని మస్తాన్ ఫోన్‌లోకి అరిచిన అరుపుకు పక్క చీరల కొట్టులోంచి మనిషి తొంగిచూశాడు. అటువైపు నుంచి మునిరత్నం గారు, "కొత్త వెర్షన్ వివరాల్లో మీ ఇద్దరి పేర్లు పెడతాను," అన్నారు.

ఓబుళరెడ్డి సారుకు చూపించాను. "బాగుంది. మందు దొరికింది, ఒప్పుకుంటా," అన్నారు. "డాక్టరు ఎంతకాలం బతుకుతాడో చూద్దాం."

కిందపడ్డాక

సారు అన్న ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు అప్పుడు తెలియదు. తెలియకుండానే నేనూ మునిరత్నం గారి దారిలోనే నడిచాను. మూడు ల్యాబులూ నా తలలో ఉండేవి. ఏ యంత్రానికి ఏ పాస్‌వర్డు, ఏ తీగ ఎక్కడికి పోతుంది, పరీక్షరోజు ఏ క్రమంలో తెరవాలి, అన్నీ నాకే తెలుసు. ఎవరైనా నేర్చుకుంటామని వస్తే, "మీకెందుకు శ్రమ, నేను చేసిపెడతాగా," అనేదాన్ని. అది మంచితనం అనుకున్నాను. కొంత మంచితనమే. కొంత, నేను లేకపోతే నడవదు అనే రుచి.

ఒక జూలైలో ముద్దనూరులో బస్సు దిగుతూ పడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఆరు వారాలు మంచం. మూడోరోజే పులివెందుల ల్యాబు ఆగిపోయింది. ఫోన్‌లో చెప్పబోతే మాత్రల మత్తులో నాకే గుర్తురాలేదు. మళ్ళీ పిల్లలు హాల్ టికెట్లతో వరండాలో నిలబడ్డారు. ఈసారి వైరస్ వల్ల కాదు, నా వల్ల.

ఓబుళరెడ్డి సారు చీనీకాయల సంచితో ఇంటికొచ్చారు. అప్పటికి ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని ముందు నొప్పి ఎట్లుందని అడిగారు, డాక్టరేమన్నాడని అడిగారు. తర్వాత తల వంచుకుని మెల్లగా అన్నారు.

"కరుణమ్మా, నొచ్చుకోవద్దు. అందరిదీ అని తెచ్చినావు దాన్ని. లోపల ఏముందో అందురూ చూడొచ్చు, ఎవురైనా మార్చొచ్చు అని నాకు అంత పాఠం చెప్పినావు. తీరా చూస్తే నీ ఒక్కదాని సొంతం చేసుకున్నావు. నేను కంపెనీ వాళ్ళది కొనింటే కంపెనీకి ఫోన్ చేసేవాణ్ణి. ఇప్పుడు ఎవురికి చెయ్యాల? మంచంలో పండుకున్న నీకా?"

నాకు కన్నీళ్ళు వచ్చాయి. తుంటి నొప్పని ఆయన అనుకున్నట్టు నటించారు. లేచి కాయలు మా ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయారు.

నా బాసుల్లో నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి మెప్పూ గుర్తులేదు. ఈ ఒక్క మనిషి మాట గుర్తుంది. మీ పై అధికారి మిమ్మల్ని నొప్పించే నిజం చెప్పాడంటే ఆ మనిషిని వదులుకోకండి.

టైంటేబుల్లో రెండు గంటలు

ఊతకర్రతో కాలేజీకి వెళ్ళిన మొదటిరోజే ప్రిన్సిపాల్ గదికి పోయాను.

"సార్, వారానికి రెండు గంటలు కావాలి. నాకు కాదు. ప్రతి కాలేజీలో ఇద్దరికి. సాయంత్రం ఇంటికి పోయే టైములో కాదు, టైంటేబుల్లో."

"ఏం చేస్తారు ఆ రెండు గంటలు?"

"ఒక గంట ల్యాబు నేర్చుకుంటారు. ఇంకో గంట, మనం ఊరికే వాడుకుంటున్న దానికి మనం చేయగలిగింది చేస్తారు. తెలుగు తప్పులు పట్టడం, మెనూల్లో మాటలు తెలుగు చేయడం."

"మనకేం లాభం?"

"చెడిపోతే అడగడానికి ఆరుమంది ఉంటారు సార్."

ఆయన టైంటేబుల్ కాగితం తీసి, పెన్ను నా చేతికిచ్చారు. "మిగతా రెండు కాలేజీలకు నేను చెప్తా. పేర్లు రాయి. పేరు రాయకపోతే మళ్ళా అది పదిమంది పని అయిపోతాది. పేరు, గంట, గది. మూడూ రాయి."

అప్పటిదాకా నాకు తోచని సంగతి ఆయన చెప్పారు. సొంత ఇష్టంతో చేసే పనికి కూడా పేరు, గంట, గది ఉండాలి. మిగిలిపోయిన టైములో, మిగిలిపోయిన ఓపికతో చేసే పని కొన్నేళ్ళకు మనిషిని తినేస్తుంది. ఈ వ్యవస్థలు వాడి బాగుపడే కాలేజీలు, ఆఫీసులు తమ మనుషులకు పని గంటల్లోనే కొంత టైము ఇవ్వాలి. దీన్ని దానం అనుకోకూడదు. కాలవ నీళ్ళు పారించుకునే రైతు తన గట్టు తాను చూసుకోవడం లాంటిది.

మొదటి నెలల్లో అందరూ గొణిగారు. తర్వాత జమ్మలమడుగు తెలుగు లెక్చరరు రాజ్యలక్ష్మి గారు మెనూల తెలుగు మీద విరుచుకుపడ్డారు. "ఇదేం తెలుగు, ఇది చదివి ఎవరికైనా ఏమైనా అర్థమైతుందా?" అని ఒక్కోమాటా మార్చారు. పులివెందులలో కంప్యూటర్ లెక్చరరు హరినాథ్ ఫాంటు లోపలి నియమాలు నాకన్నా బాగా నేర్చుకున్నాడు. మస్తాన్ కాలేజీ మనిషి కాకపోయినా తన ఆదివారం మానలేదు. కష్టమైన అక్షరాల పరీక్ష జాబితా ఆయనదే. ఆ జాబితా మొత్తం సరిగ్గా పడితేనే కొత్త వెర్షన్ విడుదల.

వీళ్ళు నేర్చుకుంటున్న కాలంలో తప్పులు చేశారు. ఒకసారి హరినాథ్ మార్పు వల్ల అంకెలన్నీ కనపడకుండా పోయాయి. సరిచేయడానికి నా చేతులు దురదపెట్టాయి. చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన మధ్యాహ్నం అది. సాయంత్రానికి అతనే సరిచేశాడు.

రెండేళ్ళకు మునిరత్నం గారు ఫోన్ చేశారు. "అమ్మా, నేను దిగిపోదామనుకుంటున్నా. ఈ ఫాంటును మీవాళ్ళు తీసుకుంటారా?"

ఆయన బస్సులో ప్రొద్దుటూరు వచ్చారు. అందరం మస్తాన్ దుకాణంలో కలిశాం. అన్నేళ్ళు కలిసి పనిచేసిన మస్తాన్, ఆయన ఒకరినొకరు చూడటం అదే మొదలు. మస్తాన్ ఆయన చేయి పట్టుకుని, "సార్, గొంతు వింటే లావుగా ఉంటారనుకున్యా," అన్నాడు. ఆయన పుల్లలా ఉన్నారు. రోజంతా కూర్చున్నారు గానీ కీబోర్డు ముట్టుకోలేదు. అడిగినదానికి చెప్పారు, అడగనిది కాగితం మీద రాసిపెట్టారు. చివర్లో పాస్‌వర్డులు నలుగురికి ఇచ్చారు. నలుగురిలో నేను లేను, నేనే వద్దన్నాను. అప్పటికి నాకు సర్వీసు ఎనిమిది నెలలే ఉంది.

బస్టాండులో ఆయన అన్నారు, "ఇన్నేళ్ళు అప్‌డేట్ వచ్చిన వారమంతా డయాలసిస్‌లో నా భార్య పక్కన కూర్చున్నా నా చెవి ఫోన్ మీదే ఉండేదమ్మా. మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. ఎవరు పోయారని అంత కంగారు అని ఆమె నవ్వేది. ఇంక ఆమె దగ్గర ఊరికే కూర్చుంటాను."

అడిగిన పిల్లలకు

మొన్న ఒక ఇంజనీరింగ్ అమ్మాయి అంది, "ఇప్పుడు కృత్రిమ మేధ కోడ్ రాసేస్తోంది కదా మేడం, ఇంక వాలంటీర్లతో పనేముంది?" రాయనీ. మంచిదే. వరసల చోటు మార్చడం యంత్రం చేయగలదు. చక్రాయపేట నుంచి ఒక తండ్రి కవరులో కాగితం పట్టుకుని వచ్చాడని దానికి ఎవరు చెప్తారు? తప్పు పడిందని చెప్పడానికి ఆ తప్పు వల్ల నొచ్చుకున్న మనిషి కావాలి, ఆ మనిషి మాట వినేవాళ్ళు ఇంకొకరు కావాలి.

ఉచిత వ్యవస్థలు చచ్చిపోతాయని నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వింటున్నాను. చచ్చిపోలేదు. అలసిపోయేది మనుషులు. ఒకరు అలసిపోయేలోపు ఇద్దరిని తయారుచేసుకుంటే ఈ పనికి ఏ భయమూ లేదు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. చేరిన మొదటి సంవత్సరమే మీ పని ఇంకొకరికి నేర్పండి. మీరు లేని రోజున ల్యాబు నడిచిందని తెలిస్తే కొంచెం మనసు చివుక్కుమంటుంది. అది మంచి గుర్తు.

నేను రిటైరై ఏడాది దాటింది. పోయిన నెల ఫాంటు కొత్త వెర్షన్ వచ్చింది. వస్తోందని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అందరిలాగే నేనూ ఇంట్లో కంప్యూటర్లో వేసుకున్నాను. ఏత్వం గీత కొద్దిగా కిందికి దించారు. నేనైతే దించేదాన్ని కాదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. హరినాథ్ నెంబరు దాకా వెళ్ళి పక్కన పెట్టేశాను. కళ్ళజోడు తుడుచుకుని ఒక పేజీ మొత్తం చదివాను. చదవడానికి బాగానే ఉంది.